‘పరిధి మేరకు నటించారు’ అన్న వాక్యం కింద ఎవరున్నారు?

మీరు అడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తున్నా అందులో మూడున్నాయి. గుర్తింపు దక్కని సహాయ పాత్రల మీద పది పేర్ల జాబితా వేస్తున్నారు, ఎవరిని పైన పెట్టాలో ఎవరిని కింద పెట్టాలో తేలడం లేదు. ఒక్కొక్కరి గురించి రాయడానికి కూర్చుంటే ‘జీవించారు’, ‘ఒదిగిపోయారు’ తప్ప ఇంకో మాట రావడం లేదు. మీ మిత్రులేమో అసలు సహాయ పాత్ర అంటే ఏదన్న దగ్గరే ఆగిపోయి వాదించుకుంటున్నారు. చివర్లో నా జాబితా కూడా చెప్పమన్నారు. చెబుతాను. కానీ ముందు రాయడం సంగతి తీసుకుంటాను. రాయడం కుదిరితే ర్యాంకు సగం తేలిపోతుంది.

ఇరవై రెండేళ్లుగా సినిమా సమీక్షలు రాస్తున్నాను. మొదటి ఐదారేళ్లు నా ప్రతి సమీక్షలోనూ చివరి పేరాకు ముందు ఒక వాక్యం ఉండేది: ‘మిగతా వారు తమ తమ పరిధి మేరకు నటించారు.’ మీరూ వెయ్యిసార్లు చదివుంటారు. నేను దాన్ని అబద్ధమని తెలిసి రాయలేదు, చోటు చాలక రాసేవాణ్ని. అయినా ఒక తరం నటులను ఆ ఒక్క వాక్యం కింద పూడ్చేశామని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. అందులో నా చెయ్యీ ఉంది.

ఆ అలవాటు ఎలా మానిందో చెబుతాను. మా ఫిల్మ్ క్లబ్‌లో ఒకసారి 1957 నాటి ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ వేశాం. ప్రేక్షకులకు పంచడానికి పేజీన్నర పరిచయం నేనే రాశాను. హెన్రీ ఫోండా గురించి, లీ జె. కాబ్ గురించి, దర్శకుడు సిడ్నీ లుమెట్ గురించి రాశాను. ఆట అయ్యాక ఒక పెద్దాయన ఆ కాగితం పట్టుకుని వచ్చి, ‘అంతా బావుంది బాబూ, ఆ కళ్లజోడాయన పేరు ఇందులో లేదేం?’ అన్నారు. నాకు ఆ పేరు తెలియదు. ఇంటికి వెళ్లి సినిమా మళ్లీ పెట్టుకుని, ఆయన ఒక్కరినే చూస్తూ కూర్చున్నాను. తెల్లవారేసరికి నా పేజీన్నరలో అసలు విషయమే లేదని అర్థమైంది.

ఆయన పేరు ఇ.జి. మార్షల్. సినిమాలో ఆయనకు పేరు లేదు, నాలుగో జ్యూరీ సభ్యుడు, అంతే. తండ్రిని పొడిచి చంపాడన్న ఆరోపణ మీద ఒక కుర్రాడి ప్రాణం ఈ పన్నెండు మంది చేతుల్లో ఉంటుంది. ఫోండా తప్ప అందరూ మొదట దోషి అనే అంటారు. ఒకడికి తొందర, ఒకడికి కులద్వేషం లాంటి ద్వేషం, ఒకడికి సొంత కొడుకు మీద కోపం. మార్షల్ ఒక్కరికే కారణం ఆలోచన. సాక్ష్యాలు తూచి, కుర్రాడు దోషి అనే నమ్ముతారు. గదిలో ఉక్కపోతకు అందరూ తడిసిపోతుంటే ఆయన కోటు కూడా విప్పరు. మీకు చెమటే పట్టదా అని ఒకతను అడిగితే, పట్టదు అంటారు, అంతే మామూలుగా.

హత్య జరిగిన రాత్రి తాను చూశానన్న సినిమాల పేర్లు కుర్రాడు చెప్పలేకపోయాడు కాబట్టి అబద్ధమాడాడన్నది ఆయన వాదన. అప్పుడు ఫోండా ఆయన్నే అడగడం మొదలుపెడతాడు: నిన్న రాత్రి ఏం చేశారు, మొన్న ఏం చేశారు, అంతకు ముందు రోజు? ఒక్కొక్క రోజూ వెనక్కి వెళ్తారు. ఒకచోట చూసిన సినిమా పేరు కాస్త తప్పుతుంది. నటుల పేర్లు గుర్తుకు రావు. ఆయన నుదుటి మీద చెమట పడుతుంది, తుడుచుకుంటారు. ఆ తర్వాత మరో ఘట్టంలో కళ్లజోడు తీసి ముక్కు పక్కన రెండు వైపులా రుద్దుకుంటారు. ఎదురుగా ఉన్న ముసలి జ్యూరర్ అది చూస్తాడు. హత్యను కళ్లారా చూశానన్న సాక్షి ముక్కు మీద కూడా అలాంటి కళ్లజోడు గుర్తులే ఉన్నాయన్న సంగతి, అంటే ఆవిడ చూపును నమ్మలేమన్న సంగతి, అక్కడి నుంచే బయటపడుతుంది. కేసు మొత్తం తిరిగిపోయేది ఆ ఒక్క చేతి కదలిక మీద.

ఆ కదలికను మార్షల్ ఎలా చేశారో చూడండి. దానికి ముందు గానీ వెనక గానీ ‘ఇది ముఖ్యం, చూడండి’ అన్న సూచన ఏమీ ఇవ్వరు. అలసిన మనిషి ఎవరైనా చేసేదే చేస్తారు. ఇంకాస్త నొక్కి చేసి ఉంటే ప్రేక్షకుడు ముందే పసిగట్టేవాడు. ఇంకాస్త దాచి ఉంటే తర్వాత వచ్చే వాదనకు ఆధారం ఉండేది కాదు. అవతలివాడి మాటలో నిజం కనిపించగానే ఆయన వాదన మానేసి ఒప్పుకుంటారు. ఓడిపోయిన ముఖం పెట్టరు. ఈ పాత్రను అహంకారిగా వేసి ఉంటే సినిమా మంచివాళ్లకీ చెడ్డవాళ్లకీ మధ్య పంచాయితీగా మిగిలేది. బుద్ధిమంతుడు, న్యాయంగా ఆలోచించేవాడు కూడా ఒక ప్రాణం విషయంలో పొరబడగలడన్నది ఈ సినిమా చెప్పే భయంకరమైన నిజం. అది పూర్తిగా మార్షల్ భుజాల మీదే ఉంది. ఆ సినిమాకు మూడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, చిత్రానికి, దర్శకుడికి, రచనకు. అంతమంది నటుల్లో ఒక్కరికీ రాలేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ‘మార్షల్ నాలుగో జ్యూరర్‌గా ఒదిగిపోయారు’ అని రాస్తే చదివినవాడికి ఏమీ అందదు. ‘చెమట పట్టదని చెప్పిన మనిషికి ఒక సినిమా పేరు గుర్తు రాకపోయేసరికి చెమట పట్టింది’ అని రాస్తే, సినిమా చూడనివాడికి కూడా ఒక మనిషి కనిపిస్తాడు. విశేషణాలు పక్కన పెట్టండి. ఆ నటుడు ఏం చేశాడో క్రియాపదాలతో రాయండి: ఎటు చూశాడు, ఎప్పుడు చూపు తిప్పుకున్నాడు, చేతిలో ఏముంది, దాన్ని ఏం చేశాడు. ఒక సన్నివేశం చాలు. సినిమా అంతటా బాగా చేశాడని చెప్పడం కంటే ఒక్కచోట ఏం జరిగిందో ఖచ్చితంగా చెబితే మిగతాది పాఠకుడు నమ్ముతాడు. ఆ పని ఎదుటి నటుడికి ఏమిచ్చిందో కూడా రాయండి. సహాయ పాత్ర అన్న పేరులోనే ఆ సంగతి ఉంది, మనమే దాన్ని మర్చిపోతాం.

అలా రాయాలంటే అలా చూడాలి. నేను మూడుసార్లు చూస్తాను. మొదటిసారి మామూలు ప్రేక్షకుడిలా. రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి, ఆ ఒక్క నటుడిని మాత్రమే, ముఖ్యంగా ఆయనకు డైలాగు లేని చోట్ల. చాలామంది నటుల పని డైలాగు అయిపోగానే అయిపోతుంది. తమ వంతు కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతారు. మంచి సహాయ నటుడు వింటూ ఉంటాడు, విన్నది ముఖంలో కాకపోయినా మెడలోనో భుజంలోనో తెలుస్తూ ఉంటుంది. మూడోసారి తెర చూడకుండా గొంతు మాత్రమే వింటాను. మన సినిమాల విషయంలో ఈ మూడోది తప్పనిసరి, ఎందుకంటే ఆ గొంతు ఎవరిదో ముందు కనుక్కోవాలి. ‘సాగర సంగమం’ తెలుగులో కమల్‌హాసన్‌కు గొంతు ఇచ్చింది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. అందులో మనల్ని కదిలించిన బాలు అనే పాత్ర ఇద్దరు కళాకారుల పని. కథానాయకుడి విషయంలోనే ఇలా ఉంటే, ఎవరూ పట్టించుకోని చిన్న పాత్ర విషయంలో గొంతులోని వణుకును మెచ్చుకునే ముందు ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవడం మన బాధ్యత. డబ్బింగ్ కళాకారుడి పని అయితే ఆ పేరు కూడా రాయాలి.

ఇంకో జాగ్రత్త ఎడిటింగ్ విషయంలో. రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు చేసిన ప్రయోగం గురించి మీరు వినే ఉంటారు. మొజూఖిన్ అనే నటుడి భావరహితమైన ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించి చూపిస్తే ప్రేక్షకులు ఆకలి, దుఃఖం, కోరిక చూశారట. ముఖం అదే. అంటే మనం మెచ్చుకుంటున్న మౌనం కొన్నిసార్లు ఎడిటర్ కత్తెర పని. అందుకే నేను క్లోజప్పుల మీద తీర్పు చెప్పను. ఇద్దరు ముగ్గురు ఒకే ఫ్రేములో ఉండి, కొంతసేపు కట్ లేకుండా సాగే షాట్లు వెతుక్కుంటాను. అక్కడ ఎవరూ ఎవరినీ కాపాడలేరు.

ఇక సహాయ పాత్ర అంటే ఏదన్న వాదన. అవార్డుల వర్గీకరణను మాత్రం కొలబద్దగా తీసుకోకండి. ఆస్కార్‌లో సహాయ నటుల విభాగం 1936 నాటి సినిమాలతో మొదలైంది. తొలి ఏళ్లలో వాళ్లకు బొమ్మ కాకుండా పలక ఇచ్చేవారు. 1944లో ‘గోయింగ్ మై వే’లో చేసిన ఒకే పాత్రకు బ్యారీ ఫిట్జెరాల్డ్‌ను ఉత్తమ నటుడి విభాగంలోనూ సహాయ నటుడి విభాగంలోనూ నామినేట్ చేశారు. ఆ తర్వాతే నియమం మార్చుకున్నారు. మొన్నటి ‘జూడాస్ అండ్ ది బ్లాక్ మెస్సయ్య’లో ఇద్దరు ప్రధాన నటులూ సహాయ విభాగంలోనే పోటీపడ్డారు. మన జాతీయ అవార్డుల్లో సహాయ నటులకు విడిగా బహుమతి 1984 సినిమాలతో గానీ రాలేదు. అంతకు ముందు మనవాళ్లు చేసిన ముప్పై ఏళ్ల పనికి ఆ గడి కూడా లేదు.

నిడివి కూడా కొలబద్ద కాదు. ‘నెట్‌వర్క్’లో బియాట్రిస్ స్ట్రెయిట్ తెర మీద ఉన్నది సుమారు ఐదు నిమిషాలు, ఆస్కార్ తీసుకున్నారు. నా పద్ధతి ఇది: సినిమా మొదట్లో ఒక ప్రశ్న వేస్తుంది, చివర్లో దానికి జవాబు చెబుతుంది. ఆ ప్రశ్న ఎవరి బతుకుదో వాళ్లు ప్రధాన పాత్ర. మిగతా అందరూ సహాయ పాత్రలే, సినిమా పేరు వాళ్లదే అయినా సరే. ‘గుండమ్మ కథ’లో సూర్యకాంతంది ఈ లెక్కన సహాయ పాత్రే. గుర్తింపు రానిది మాత్రం కాదు, కాబట్టి ఆవిడ ఈ చర్చలోకి రారు.

గుర్తింపు రాలేదనడం కూడా జాగ్రత్తగా అనాలి. మీ జాబితాలో మొదటి పేరు జాన్ కజాల్. ఆయన నటించిన కథాచిత్రాలు ఐదే. ఐదూ ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందాయి, మూడు గెలిచాయి. ఆయనకు ఒక్క నామినేషన్ రాలేదు. ‘గాడ్‌ఫాదర్’ మొదటి భాగానికి సహాయ నటుడి విభాగంలో ముగ్గురిని నామినేట్ చేశారు, రెండో భాగానికి కూడా ముగ్గురిని. రెండుసార్లూ ఫ్రెడో పాత్ర వేసిన కజాల్ పేరు లేదు. 1978లో 42 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయారు. అన్యాయమే, గట్టి అన్యాయం. కానీ ఇప్పుడు గుర్తింపు దక్కని నటుడంటే ప్రపంచమంతా మొదట చెప్పే పేరే ఆయనది. ఆయన మీద డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ఆయన్ను మొదట పెడితే మీ పాఠకుడికి కొత్తగా ఏమీ అందదు. ఆ స్థానం ఇంకొకరికి ఇవ్వండి. దీనికి పూర్తిగా తిరగేసిన సంగతి పి.ఎల్. నారాయణది. ‘యజ్ఞం’కు 1991లో ఆయనకు ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. అవార్డు ఉంది కాబట్టి గుర్తింపు వచ్చిందనుకుంటాం, ఆ సినిమా చూసినవాళ్లను లెక్కపెట్టండి. చూడని నటనకు దొరికిన బహుమతి గుర్తింపు కాదు.

ర్యాంకు ఇవ్వడానికి మార్కులు వేయకండి. పదికి ఎనిమిదిన్నరా, ఎనిమిదిన్నరకు పైనా అన్న లెక్క రెండు రోజుల్లో విసుగొస్తుంది, దాంట్లో నిజం కూడా ఉండదు. ఇద్దరిద్దరిని పక్కపక్కన పెట్టి ఒకటే అడగండి: ఆ పాత్రను ఇంకో సమర్థుడైన నటుడు, తప్పులేకుండా, మామూలుగా చేసి ఉంటే ఏ సినిమాకు ఎక్కువ నష్టం? పాత్రను తీసేస్తే ఏమవుతుందని కాదు నా ప్రశ్న. పాత్ర తీసేస్తే పోయేది కథ. అది రచయిత గొప్పతనం. మామూలుగా చేస్తే పోయేదేదో అదే ఆ నటుడి సొత్తు. చనిపోయే పాత్రలకూ, ఏడ్చే పాత్రలకూ, అందరి నోళ్లలో నానిన డైలాగున్న పాత్రలకూ మన మనసు ముందే ఒరిగి ఉంటుంది కాబట్టి వాటిని ఒకటికి రెండుసార్లు తూచండి. ఒక్క సినిమా నుంచి ఒక్కరినే తీసుకోవడం మంచిది. లేకపోతే ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ ఒక్కటే సగం జాబితా తినేస్తుంది.

నా జాబితా పైనుంచే మొదలుపెడతాను.

మొదటి స్థానం హరుకో సుగిమురాది, జపాన్ దర్శకుడు ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’కి. 1953 సినిమా. ఊరి నుంచి ముసలి తల్లిదండ్రులు టోక్యోలో స్థిరపడ్డ పిల్లల్ని చూడటానికి వస్తారు, పిల్లలకు తీరిక ఉండదు. ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా విధవరాలైన చిన్నకోడలుగా చేసిన సెత్సుకో హారా గురించే మాట్లాడతారు, ఆ చిరునవ్వు గురించి. సుగిమురా పెద్దకూతురు షిగే. బ్యూటీ పార్లర్ నడుపుతుంటుంది. భర్త అత్తమామల కోసం ఖరీదైన మిఠాయి తెస్తే, వాళ్లకు ఇంత ఖరీదైనవెందుకని గొణుగుతుంది. పార్లర్‌కు వచ్చినావిడ ఎవరు వాళ్లు అని అడిగితే, ఊరి నుంచి వచ్చిన తెలిసినవాళ్లని చెబుతుంది. తల్లి పోయాక, అంత్యక్రియల భోజనం దగ్గరే, అమ్మ నడికట్టు, కిమోనో నాకిస్తారా అని అడుగుతుంది.

ఇవి కాగితం మీద చదివితే రాక్షసి. నూటికి తొంభై మంది నటీమణులు అలాగే చేస్తారు, మనం కసితీరా తిట్టుకుని ఇంటికెళ్తాం. సుగిమురా ఆమెను పనిమంతురాలిగా చేశారు. ఎప్పుడూ చేతిలో ఏదో ఒక పని, మాట మధ్యలో లేచి వెళ్లడం, చెప్పేది పూర్తికాకముందే తర్వాతి పని వైపు చూపు. ఆ మాటలు ఆవిడ నోటి నుంచి క్రూరంగా రావు, తొందరగా వస్తాయి. తల్లి తెల్లవారేదాకా ఉండదని అన్న చెప్పగానే ఆమె ఏడుస్తుంది. ఆ ఏడుపు నిజమైనది. కాసేపటికే సంతాపానికి వేసుకునే బట్టలు తెచ్చావా అని మరదల్ని అడుగుతుంది. అదీ నిజమే. ఈ రెండింటి మధ్యా ఆవిడ ఏ వంతెనా కట్టలేదు, మారినట్టు కూడా చూపించలేదు. నేను ఆ దృశ్యం ఎన్నిసార్లు చూశానో, అన్నిసార్లూ మా అమ్మతో ఫోన్లో హడావుడిగా మాట్లాడి పెట్టేసిన రోజులు గుర్తుకొచ్చాయి. హారా పాత్రను చూసి మనం అలా ఉండాలనుకుంటాం. సుగిమురా పాత్రను చూసి మనం ఎలా ఉన్నామో తెలుసుకుంటాం. రెండోది లేకపోతే మొదటిది పటంలోని దేవత అయిపోతుంది.

రెండో స్థానం మార్షల్‌ది. పైన చెప్పింది చాలు. కొన్నేళ్లు ఆయనే మొదట ఉండేవారు.

మూడో స్థానం చునీబాలా దేవి, ‘పథేర్ పాంచాలి’లో ఇందిర్ ఠాక్రూన్. ఇది చూసి మీరు అభ్యంతరం చెబుతారని తెలుసు, ఆ ముసలావిడ అందరికీ గుర్తుందని అంటారు. ముసలావిడ గుర్తుంది. నటి గుర్తులేదు. సత్యజిత్ రాయ్ ఎక్కడి నుంచో ఒక నిజమైన పల్లెటూరి అవ్వను తెచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టాడని ఇప్పటికీ నమ్మేవాళ్లు నాకు తారసపడుతూనే ఉంటారు. ఆవిడ పాతకాలపు రంగస్థల నటి. దశాబ్దాల పాటు నటనకు దూరంగా ఉండి, ఎనభై ఏళ్ల వయసులో ఈ పాత్ర చేశారు. 1955లో సినిమా విడుదలయ్యే నాటికి ఆవిడ లేరు. నటన అని తెలియనంత బాగా చేయడమే ఆవిడకు గుర్తింపు రాకుండా చేసింది. ఇంట్లోంచి పొమ్మంటే వెళ్లి, మళ్లీ వచ్చి, గుమ్మం దగ్గర కూర్చుని నీళ్లడిగే ఘట్టం చూడండి. ముఖంలో అభిమానం, ఆశ, ఇక్కడ ఉండనివ్వరన్న ఎరుక ఒకదాని మీద ఒకటి వస్తాయి. ఏ ఒక్కదాన్నీ మనకు అప్పగించి జాలి అడగరు. శరీరమంతా వంగిపోయి ఉన్నా, కళ్లలో చిన్నపిల్ల దొంగతనం ఒకటి ఉంటుంది. ఆ ఇంటి పిల్ల దుర్గతో ఆవిడ స్నేహం నిలబడేది ఆ కళ్ల మీదే.

నాలుగో స్థానంలో ఋష్యేంద్రమణిని పెట్టాను, ‘మిస్సమ్మ’ జమీందారిణిగా. 1955లోనే వచ్చింది. ఎన్టీఆర్, సావిత్రి, ఏఎన్నార్, జమున, రేలంగి ఉన్న సినిమాలో, పక్కన ఎస్వీ రంగారావు అంతటి మనిషి ఉండగా ఆవిడను ఎవరు చూస్తారు! అప్పటికి రంగారావుకు 36 ఏళ్లు, ఎన్టీఆర్ కంటే ఐదేళ్లే పెద్ద. ఆయన వయసు మళ్లిన జమీందారుగా చెల్లడానికి సగం కారణం ఋష్యేంద్రమణి పక్కన ఉండటమే. ఇద్దరూ ఏళ్ల తరబడి కాపురం చేసిన దంపతుల్లా, ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఉంటారు. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడి వచ్చిన మేరీని, చిన్నప్పుడు తప్పిపోయిన తమ కూతురి పేరుతో మహాలక్ష్మీ అని పిలుచుకుంటారు. మేరీకి అది చిరాకు. మేరీయే నిజంగా ఆ కూతురన్నది మనకు తర్వాత తెలుస్తుంది. అది తెలియకముందే ఆ ప్రేమను మనం నమ్మాలి, అలాగని ఆ ప్రేమ కథను ముందే చెప్పేయకూడదు. ఆవిడ దాన్ని ఏడుపుగొట్టు తల్లిగా చేసి ఉంటే సినిమా హాస్యం చెడేది. వట్టి అమాయకురాలిగా చేసి ఉంటే చివరి కలయికకు బరువుండేది కాదు. అవతల పిల్ల విసుక్కుంటున్నా ఆ విసుగును పట్టించుకోని ధీమా ఒకటి ఆవిడ నడకలోనే ఉంటుంది. రంగస్థలం నుంచి వచ్చిన నటి కెమెరా ముందు ఇంత తగ్గి చేయడం మామూలు విషయం కాదు.

ఐదు, సెయిజి మియాగుచి. ‘సెవెన్ సమురాయ్’లో క్యూజో. ఊరిని బందిపోట్ల నుంచి కాపాడటానికి వచ్చిన ఏడుగురు యోధుల్లో నటుడు మిఫునే గంతులేస్తుంటే, మరో నటుడు షిమురా తల నిమురుకుంటుంటే మన కళ్లు అక్కడే ఉంటాయి. క్యూజో ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా వెళ్లి, తెల్లవారి బందిపోట్ల తుపాకి ఒకటి తెచ్చి ఇచ్చి, ఇద్దర్ని చంపానని చెప్పి, ఓ మూల కూర్చుని నిద్రపోతాడు. ఆరాధనతో చూస్తున్న కుర్రాడు మీరు గొప్పవారండీ అన్నప్పుడు వచ్చే చిన్న నవ్వు కోసం ఈ పేరు ఇక్కడ పెట్టాను.

ఆరు, థెల్మా రిట్టర్. ఆరుసార్లు ఆస్కార్‌కు నామినేట్ అయి ఒక్కసారీ గెలవని నటి. 1953 నాటి ‘పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్’లో మో అనే వృద్ధురాలు. పైకి టైలు అమ్ముతూ, లోపల్లోపల పోలీసులకు సమాచారం అమ్మి, తనకు దిక్కులేని చావు రాకుండా అంత్యక్రియలకు డబ్బు కూడబెట్టుకుంటుంది. చివరికి ఆమెను చంపడానికి వచ్చినవాడు మంచం దగ్గర నిలబడి ఉంటే, బతిమాలదు, భయపడదు, అలసిపోయానని చెబుతుంది. చావుకు ఒరిగిన మనసును తూచుకోమని పైన చెప్పాను కదా, నేను ఆరు సార్లు తూచాను. రోజంతా నడిచి వచ్చి చెప్పులు విప్పిన మనిషి గొంతు అది. నిలబడుతుంది.

జాబితాలో పెట్టలేకపోయింది ఒకటి ఉంది. ‘మగళిర్ మట్టుం’, 1994లో సింగీతం శ్రీనివాసరావు తీశారు, మనకు ‘ఆడవాళ్లకు మాత్రమే’గా డబ్ అయింది. అందులో నాగేశ్ శవంగా నటించారు. ముగ్గురు ఆడవాళ్లు తమ బాసు శవమనుకుని ఆసుపత్రి నుంచి ఆ శవాన్ని తీసుకొచ్చేస్తారు. చూపు లేదు, మాట లేదు, ఊపిరి కూడా కనిపించకూడదు. అయినా ఆ శరీరం ఎటు పడితే అటు వాలే తీరులో హాస్యం మొత్తం ఉంది. మిగతావారితో పక్కపక్కన పెట్టి తూచే నా పద్ధతి ఇక్కడ పనిచేయలేదు. అందుకే విడిగా ఉంచాను. మీకు పద్ధతి దొరికితే నాకు రాయండి.

ఏడో స్థానం మీ జాబితాలోంచే తీసుకున్నాను. మీ పది పేర్లలో ఒక్క శరత్‌బాబు ఎదురుగా ‘ఏం రాయాలో తెలియడం లేదు’ అని రాసుకున్నారు. ‘సాగర సంగమం’లో రఘు గురించి. ఆయనకు నంది అవార్డులు వేరే సినిమాలకు వచ్చాయి. ఈ పాత్రను మాత్రం స్నేహితుడి పాత్ర అని ఒక్క ముక్కలో దాటేస్తాం. ఎదురుగా కమల్‌హాసన్ నాట్యం, తాగుడు, కోపం, పతనం అన్నీ ఉన్నాయి. రఘుకు అందులో ఒక్కటీ లేదు. ఆయనకు ఉన్నదల్లా చూడటం. మిత్రుడు ఎదిగేటప్పుడు చూడాలి, పడిపోయేటప్పుడు చూడాలి, ఆ రెండు చూపులూ వేరుగా ఉండాలి. పడిపోయిన మనిషిని జాలిగా చూస్తే ఆ మనిషి ఇంకా కుంగిపోతాడు. శరత్‌బాబు చూపులో జాలికి బదులు చనువు ఉంటుంది, కోప్పడినప్పుడు కూడా. బాలు ఎంత చెడినా అతని మీద మనకు గౌరవం పోకపోవడానికి కారణం, రఘుకు పోలేదు కాబట్టి.

రెండో విడత చూడటం, అదే శబ్దం తీసేసి చూడటం, చివరి ఘట్టంతో మొదలుపెట్టండి. వేదిక మీద శైలజ నాట్యం చేస్తుంటుంది, బాలు చూస్తూ చూస్తూ ప్రాణం విడుస్తాడు. సభకు తెలియకూడదు, నాట్యం ఆగకూడదు. రఘు ఏడవడానికి వీల్లేదు. అతన్ని అక్కడి నుంచి తీసుకెళ్లిపోతాడు. ఆ కొద్దిసేపూ శరత్‌బాబు చేతులనే చూడండి, ముఖం వద్దు. చూసింది చూసినట్టు నాలుగు వాక్యాలు రాసి, విశేషణాలు కొట్టేసి, మిగిలింది నాకు పంపండి.